ఆల్డరు ఎందుకు, కానుగ ఉండగా

అమెరికాలో సియాటిల్ ప్రాంతాన ఉద్యోగం చేసుకుంటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ మధ్య ఒక వేగు పంపాడు. అశ్వారావుపేటలో అతని తండ్రిగారు కట్టించిన ఇల్లు, ఇంటి వెనుక వాగు దాకా పోయే చెలక ఉన్నాయి. రెండు చోట్లా చెట్లు నాటించాలని అతని కోరిక. "మాస్టారూ, ఇక్కడ ఆల్డరు అనే చెట్టు ఉందండీ. మహా మొండిది. రాళ్ళ నేలలో వేసినా బతుకుతుంది. నాలుగైదేళ్ళలో ఇంటి ఎత్తు దాటిపోతుంది. చూడడానికీ ముచ్చటగా ఉంటుంది. విత్తనాలు తెస్తే మన ఊళ్ళో పెరుగుతుందా?" అని అడిగాడు.

పెరగదు. మొలిస్తే మొలవవచ్చు గాని, మన వైశాఖ జ్యేష్ఠాల ఎండకు నిలవదు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసి పంపాను కూడా. అయితే అతడడిగిన ప్రశ్న అతని ఒక్కడిది కాదు. త్వరగా పెరగాలి, మొండిగా బతకాలి, కంటికి ఇంపుగా ఉండాలి. అటువంటి చెట్టు ఏదని అడగని గృహస్థు లేడు, అడగని పంచాయతీ లేదు. దీనికి గడచిన పది పదిహేనేళ్ళలో మన ఊళ్ళు చెప్పుకున్న జవాబు కోనోకార్పస్. ఇప్పుడు ఆ జవాబును గొడ్డళ్ళతో కొట్టివేస్తున్నారు. కొట్టివేసిన చోట ఏమి నాటాలో మాత్రం స్పష్టంగా చెప్పేవారు తక్కువ. కానుగ నాటాలని నా అభిప్రాయం. దానికి కారణాలు చెప్పాలంటే మొదట ఆల్డరు గురించే నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే ఆ కుర్రవాడు మెచ్చుకున్న చెట్టు నిజంగా మెచ్చుకోదగినదే. అతడు మెచ్చిన గుణాలకంటె గొప్ప గుణం ఒకటి దానిలో ఉంది, అది అతని కంట పడలేదు.

ఆల్డరు భూర్జవృక్షపు కుటుంబానికి చెందినది. మన పూర్వులు ఏ చెట్టు పట్టమీద గ్రంథాలు రాసుకున్నారో, హిమాలయ వర్ణనలో కాళిదాసు ఏ చెట్టు పట్టను ప్రేమలేఖలకు కాగితం చేశాడో, ఆ భూర్జానికి ఇది దాయాది అన్నమాట. దీనిలో సుమారు 35 జాతులున్నాయి. ఎక్కువ భాగం భూమికి ఉత్తరార్ధంలోని చల్లని దేశాలవి. యూరపులో ఏటి గట్టున కనబడే చెట్టు ఇదే. దీని కర్ర నీటిలో మునిగి ఉన్నంతకాలం చివకదు. వెనిస్ నగరపు కట్టడాల కింద బురదలో దిగవేసిన గుంజలలో ఆల్డరు కర్ర కూడా ఉన్నది. మా వాడు చూసినది ఎర్ర ఆల్డరు. అడవి నరికిన చోట, కొండచరియ విరిగిన చోట, వరద ఇసుక పోసిపోయిన చోట, అందరికంటె ముందు అదే మొలుస్తుంది.

ముందు మొలవడం వెనుక ఒక రహస్యం ఉన్నది. దాని వేళ్ళ మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముండి గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికివచ్చే రూపానికి మార్చిపెడుతుంది. చెట్టు ఆ సూక్ష్మజీవికి చక్కెర ఇస్తుంది, అది చెట్టుకు నత్రజని ఇస్తుంది. ఆ ఆకులు రాలి కుళ్ళి నేలకు బలమిస్తాయి. కాబట్టి ఆల్డరు పెరిగి పోయిన చోట నేల మొదటికంటె మెరుగ్గా ఉంటుంది. వేగంగా పెరిగే చెట్లు లోకంలో చాలా ఉన్నాయి. వేగంగా పెరుగుతూ నేలకు బాకీ పెట్టని చెట్లు కొద్ది.

ఈ గుణాన్ని మన దేశంలో అందరికంటె బాగా వాడుకున్నవారు నాగాలాండులోని ఖొనోమా గ్రామపు అంగామీలు. హిమాలయపు ఆల్డరు మనదేశపు చెట్టే. నేపాలీ భాషలో ఉతిస్ అంటారు. సిక్కింలో పెద్ద ఏలకుల తోటలకు నీడచెట్టుగా ఇదే ఉంటుంది. ఖొనోమాలో దీనిని పోడు పొలాలలో పెంచుతారు. పొలం తెరిచేటప్పుడు చెట్టును మొదలంటా నరకరు. మనిషి ఎత్తున తల నరికి, మోడును అలాగే ఉంచుతారు. కొమ్మలు కాల్చి బూడిద చల్లి, మోళ్ళ మధ్యన రెండేళ్ళు పంట తీస్తారు. ఆ తరువాత పొలాన్ని విడిచిపెడితే మోళ్ళు మళ్ళీ చిగిర్చి చెట్లవుతాయి. వేళ్ళు నేలను పట్టుకొనే ఉంటాయి, బుడిపెలు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. మామూలు పోడులో నేల కోలుకోవడానికి చాలా ఏళ్ళు పట్టేది, అక్కడ కొద్ది ఏళ్ళలో కోలుకుంటుంది. పోడు అనగానే అటు అధికారులూ ఇటు సాగుదారులూ కర్రలు పట్టుకొని నిలబడే మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఈ కథ వినవలసినవారు చాలామంది ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ చేయను, అది ఒక్క వ్యాసంలో తెగేది కాదు.

అంగామీల చెట్టును మనం తెచ్చుకోలేము. అది కొండ చెట్టు, చల్లదనం కోరుతుంది. ఆంధ్రలో కాస్త చల్లని చింతపల్లి, అరకు కొండల మీద కూడా కాఫీ తోటలకు నీడగా సిల్వర్ ఓక్ వేశారు గాని ఆల్డరు వేయలేదు. ఎండ 45 డిగ్రీలు దాటే అశ్వారావుపేట మాట చెప్పనే అక్కరలేదు.

అయితే మనకు ఆల్డరు వంటిది లేదా? ఫ్రాంకియా లెక్కన చూస్తే ఉంది: సరుగుడు. సరుగుడు వేళ్ళలోనూ అదే సూక్ష్మజీవి. సముద్రతీరపు ఒట్టి ఇసుకలో అది నిటారుగా లేచి నిలబడడానికి కారణం అదే. కాని సరుగుడును ఇంటి ముందు చెట్టుగా నేను సిఫారసు చేయను. దాని నీడ పలచన. దాని కింద రాలిన సూదుల పరుపులో మరో మొక్క మొలవదు. కోస్తా జిల్లాల రైతులకు అది నాలుగైదేళ్ళకు కోసి అమ్ముకునే పంట, ఆ లెక్కలో మంచిదే.

మా ప్రాంతానికి వస్తే అటువంటి పంట జామాయిల్. ఖమ్మం నుండి సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేటకు బస్సులో వచ్చేవారికి కిటికీలోంచి వరుసలు తీరిన జామాయిల్ తోటలు కనబడతాయి. సారపాక కాగితం మిల్లువారు ఎంపిక చేసి పెంచిన 'భద్రాచలం క్లోన్లు' దేశమంతా పాకాయి. ఆ తరువాత మామిడి, జీడిమామిడి తోటల సందుల్లోకి పామాయిల్ వచ్చింది. అశ్వారావుపేటకు పామాయిల్ ఫ్యాక్టరీ వచ్చాక మా ఊరి పేరు చెబితే అదే గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. జామాయిల్ ఆస్ట్రేలియాది, పామాయిల్ ఆఫ్రికాది. రైతు బతుకు గడవాలి కనుక నేను వాటిని తప్పు పట్టను. పంటగా వేసిన చెట్టును పంటగానే కొలవాలి. ఎన్ని టన్నులు, ఎంత ధర అని. ఇంటి వాకిట్లో, బడి ఆవరణలో, బాట పక్కన నాటే చెట్టుకు కొలత వేరు. దానిని మనం కోసి అమ్మము. యాభై ఏళ్ళు దాని కింద మనుషులు కూర్చుంటారు. ఈ రెండు కొలతలను కలగాపులగం చేయడం వల్లనే కోనోకార్పస్ మన ఊళ్ళకు వచ్చిందని నా నిశ్చితాభిప్రాయం.

కోనోకార్పస్‌కు కూడా న్యాయం చేయాలి. అది మన తెల్లమద్దికీ కరక్కాయకూ తానికీ చెందిన కుటుంబంలోనిదే. పుట్టినచోట్లు అమెరికా ఉష్ణమండలపు తీరాలు, ఆఫ్రికా తీరాలు. ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, నీరు పోయకపోయినా చావదు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, కత్తిరిస్తే చెప్పిన రూపానికి వస్తుంది, పశువు ముట్టదు. గల్ఫు దేశాల ఎడారి నగరాలు దానిని నెత్తిన పెట్టుకున్నాయంటే వింత లేదు. తెలంగాణలో 2015 జూలైలో హరితహారం మొదలైనప్పుడు అధికారులకు లెక్కలు చూపవలసిన అవసరం ఉంది. నాటిన మొక్కలలో ఎన్ని బతికాయని పైనుండి అడుగుతారు. ఏ మొక్క చావదో ఆ మొక్కనే నాటడం మానవ సహజం. ఆ విధంగా రోడ్ల మధ్యన, బడుల చుట్టూ, కార్యాలయాల ముందర ఈ చెట్టు వరుసలు లేచాయి.

ఆ తరువాతి కథ అందరికీ తెలుసు. గాలికి ఎగిరే దాని పుప్పొడి వల్ల దగ్గు, ఉబ్బసం, అలర్జీలు హెచ్చుతాయని ఫిర్యాదులు వచ్చాయి. వేళ్ళు నీటి గొట్టాలలోకి, కేబుళ్ళలోకి, కాలువలలోకి చొరబడతాయని అన్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో దీనిని నాటరాదని ఉత్తర్వు ఇచ్చింది. తమిళనాడు 2025 జనవరిలో అదే పని చేసింది. మన నర్సరీలలోనూ దీనిని పెంచవద్దన్నారు. వీటితో పాటు ఒక వదంతి కూడా పుట్టింది: ఈ చెట్టు ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతుందట, అందుకని దీని దగ్గర నిలబడరాదట! చదువుకున్నవారు కూడా ఈ మాట నాతో అన్నారు. ప్రతి చెట్టూ రాత్రింబవళ్ళు శ్వాసిస్తుంది, పగటిపూట అంతకు ఎన్నో రెట్లు ప్రాణవాయువును వదులుతుంది. కోనోకార్పస్ కూడా పచ్చని ఆకులున్న చెట్టే, సూర్యుణ్ణి చూసి బతికేదే. ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రం చదివిన పిల్లవాడు ఈ వదంతిని కొట్టివేయగలడు. ఒక చెట్టు మీద కోపం వచ్చినంత మాత్రాన దానికి లేని పాపం అంటగట్టడం భావ్యం కాదు.

నా ఫిర్యాదు ఇంకొకటి. అది ఎక్కడ పెరిగిందో ఆ చోటికి చెందకుండా పెరుగుతుంది. ఊరివాళ్ళు దాని పువ్వు కోయరు, కాయ ఏరరు, ఆకు వాడరు, పుల్ల విరవరు. దాని పేరు తెలుగులోకి రాలేదు. పదేళ్ళు కళ్ళముందు ఉన్న చెట్టుకు జనం ఒక పేరు కూడా పెట్టుకోలేదంటే దానితో వారికి పని పడలేదని అర్థం. సీమతుమ్మ, సీమచింత అని పరాయి చెట్లకు కూడా ముద్దుగా పేర్లు పెట్టుకున్న జాతి మనది.

కానుగ సంగతి చూడండి. సంస్కృతంలో కరంజం, నక్తమాలం. అమరసింహుడు వీటిని వనౌషధివర్గంలో చేర్చాడు. చిరబిల్వం అనే పేరును కూడా వాటి సరసనే పెట్టాడు గాని, వైద్యులు ఆ పేరుతో నెమలినార చెట్టును పిలుస్తారు. ఆ తగవు వేరు. రఘువంశం అయిదవ సర్గలో అజుడు ఇందుమతీ స్వయంవరానికి పోతూ నర్మదా తీరాన విడిది చేస్తాడు. నీటితుంపరలు మోసుకొచ్చే గాలికి అక్కడి నక్తమాల వృక్షాలు నాట్యమాడుతున్నాయని కాళిదాసు చెప్పాడు. నేను తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడెల్లా నక్తమాలమంటే మీ ఊరి వాగుగట్టు కానుగే అని చెప్పేవాడిని. పిల్లలు నమ్మేవారు కారు. కావ్యంలో ఉన్న చెట్టు తమ మేకలు కట్టేసే చెట్టు ఎలా అవుతుందని వారి సందేహం. కాళిదాసు ఊహలో నుండి ఆ చెట్టును తీయలేదు. కానుగ ఏటిగట్టు చెట్టు. నీటి ఒడ్డున దానంతట అదే మొలుస్తుంది, వేళ్ళతో ఒడ్డును పట్టుకుంటుంది. యూరపులో ఆల్డరు చేసే పనిని మన దేశంలో చేసేది ఇదే.

రెండింటికీ పోలిక అంతటితో ఆగదు. కానుగ చిక్కుడు, కంది కుటుంబానికి చెందినది. దాని వేళ్ళమీద కూడా బుడిపెలుంటాయి. వాటిలో ఫ్రాంకియాకు బదులు రైజోబియం ఉంటుంది. జరిగే పని ఒకటే. నత్రజనిని గాలిలోంచి తీసి నేలకిస్తుంది. ఆల్డరుకు లేని ఉపకారాలు ఇంకా కొన్ని దీనికి ఉన్నాయి. కానుగ మండలు కొట్టి దమ్ము చేసిన మడిలో తొక్కించడం పాత రైతుల అలవాటు. యూరియా బస్తాలు రాకముందు వరికి అదే బలం. గింజలో నూటికి ముప్పై పాళ్ళ వరకు నూనె ఉంటుంది. దీపాలకు, సబ్బులకు, తోలు పదును పెట్టడానికి, చర్మరోగాలకు వాడారు. నూనె తీసిన చెక్కలో నూటికి సుమారు నాలుగు పాళ్ళు నత్రజని. పొలంలో వేస్తే ఎరువుకు ఎరువు, పురుగుకు విరుగుడు. కానుగ పుల్లతో పళ్ళు తోముకోని తాత మా తరంలో లేడు. పశువులు దీని ఆకును సాధారణంగా ముట్టవు. అంటే ఏ ఒక్క సుగుణం చూసి అధికారులు కోనోకార్పస్‌ను కోరుకున్నారో అది కానుగలోనూ ఉంది. ఉప్పు నేలకూ, కొన్నాళ్ళు నిలిచిన నీటికీ, అనావృష్టికీ ఓర్చుకుంటుంది. పువ్వు తేనెటీగల కోసం పూసేది, పుప్పొడిని గాలికి వదిలేది కాదు. ఉబ్బసం భయంతో ఒక చెట్టును తీసేసినవారు ఈ తేడాను తప్పక గమనించాలి.

అందమా? ఆ మాట అడిగేవారు కానుగను చైత్రమాసంలో చూడాలి. ఆకు రాల్చి బోసిగా నిలబడేది కొద్దిరోజులే. ఆ వెంటనే లేత ఆకు వస్తుంది. నూనె రాసినట్లు మెరిసే ఆ లేతపచ్చకు సాటి వచ్చే రంగు నాకు ఇంతవరకు మరొక చెట్టులో కనబడలేదు. వెనువెంటనే తెలుపు, ఊదా కలిసిన చిన్న పూలు గుత్తులుగా వచ్చి, తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుంటాయి. తురాయి వలె దూరం నుండి పిలిచే అందం కాదు, దగ్గరికి పోయినవాడికే తెలుస్తుంది. ఎండాకాలపు మధ్యాహ్నం కానుగ నీడలోకి అడుగుపెట్టినవాడికి అందం గురించి వాదన అక్కరలేదు.

కానుగకు లోపాలు లేవని నేను అనను. ఆల్డరంత వేగం లేదు. మొదటి ఏడాది అసలు కోపం తెప్పిస్తుంది. మొక్క మోకాలి ఎత్తున అలాగే ఉన్నట్లుంటుంది. ఆ కాలంలో అది వేరును కిందికి దింపుకుంటూ ఉంటుంది. రెండో వానాకాలం నుండి చూడాలి దాని వరస. నీరు అందిన చోట నాలుగైదేళ్ళకు మంచం వేసుకునేంత నీడ వస్తుంది. ఆకులమీద బొబ్బల వంటివి లేస్తాయి. అది కంటికి ఆనని నల్లి పని, చెట్టుకు చెప్పుకోదగ్గ హాని లేదు, మందులు కొట్టనవసరం లేదు. పువ్వు, ఆకు, కాయ రాలి వాకిలి నిండుతుంది. రోజూ ఊడ్చుకోవాలి. ఊడ్చినది గుంతలో వేస్తే మంచి ఎరువవుతుంది. ఊడ్చే ఓపిక లేనివారు ఏ చెట్టూ వేసుకోకపోవడం మేలు. గింజ చేదు, విషం కూడా. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. వేళ్ళు పక్కలకు కూడా బలంగా పోతాయి, వాటి నుండి పిలకలు లేస్తాయి. కనుక గోడకు పది పదిహేను అడుగుల ఎడం ఉండాలి. కరెంటు తీగల కింద దీనిని నాటరాదు. రోడ్డు మధ్యన ఉండే ఇరుకు పట్టీలలో కూడా నాటరాదు. అక్కడికి గన్నేరు, నందివర్ధనం చాలు.

ఒక్క జాతినే ఊరంతా నాటమని కూడా నా మాట కాదు. విశాఖపట్నంలో 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు చెట్లు నేలమట్టమైతే, ఆ తరువాత ఏడాకుల చెట్టును విరివిగా నాటారు. మంచి చెట్టే, సప్తపర్ణమని కావ్యాలలో కీర్తి పొందినదే. ఒకటి రెండు ఉంటే శరత్కాలపు రాత్రి దాని వాసన బాగుంటుంది. వీధి వీధంతా ఒకేసారి పూస్తే తలనొప్పి, ఊపిరాడటం లేదని జనం మొరపెట్టుకున్నారు. కావ్యంలో ఉన్నంత మాత్రాన వీధికి పనికివస్తుందని లేదు. కనుక కానుగల నడుమ వేప, నేరేడు, పొగడ, వాగు దగ్గరైతే తెల్లమద్ది ఉండాలి.

కానుగ మీద నాకున్న అభిమానాన్ని కొందరు నవ్వుతారు. "బయోడీజిల్ అన్నారు, కోట్లు అన్నారు, ఏమైంది మాస్టారూ?" అని ఒక మిత్రుడు అడిగాడు. సరైన ప్రశ్న. 2003 ప్రాంతంలో దేశమంతా అడవి ఆముదం, కానుగ అని ఊగిపోయింది. డీజిలు చెట్లకు కాస్తుందన్నారు. ఆ ఆవేశం నిలవలేదు; వేసిన తోటలు చాలా చోట్ల చెప్పినంత కాయలేదు. అయితే ఆ రోజుల్లోనే ఆనాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండుల ఊళ్ళో ఆడవాళ్ళ సంఘంవారు కానుగ మొక్కలు పెంచి, గింజలు ఏరి, నూనె ఆడించారు. ఆ నూనె డీజిలుకు బదులు వాడితే మిగిలే బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి, 147 టన్నులకుగాను ప్రపంచబ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించింది. ఆనాటి మారకంలో దాదాపు ముప్పై వేల రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ ఊరివారికి ఆ చెట్టు కొత్తది కాదు, కొత్త పంట కూడా కాదు. అడవిలోను, వాగు పక్కన ఉన్న చెట్టుకు విలువ కట్టడం మాత్రమే కొత్త. డీజిలు ఆశతో ఎకరాలకు ఎకరాలు వేస్తే కానుగ నిరాశపరచవచ్చు. ఉన్నచోట ఉండనిస్తే, నీడ, ఎరువు, నూనె మూడూ ఇచ్చి ఏమీ అడగదు. మన ఖమ్మం వనజీవి రామయ్యగారు సంచి నిండా గింజలు ఏరుకొని సైకిలు మీద తిరిగి ఖాళీ జాగాల్లో చల్లింది ఏ డీజిలు లెక్కలు చూసి? 2017లో పద్మశ్రీ వచ్చినా ఆయన పని మారలేదు. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు.

ఇక కోనోకార్పస్‌లను ఏమి చేయాలన్న ప్రశ్న. ఒక్క రోజులో యంత్రాలు పెట్టి వరుసలన్నీ కోయించడాన్ని నేను సమర్థించను. బడి ముందు నీడ లేకుండా మూడు ఎండాకాలాలు గడపడం చిన్నపిల్లలకు శిక్ష. మొదట వాటి సందుల్లో, వెనుక వరుసలో కానుగ, వేప నాటాలి. ఈ లోపల కోనోకార్పస్‌ను పూత రానీయకుండా కత్తిరిస్తూ ఉండాలి. కొత్త మొక్క మనిషి ఎత్తు దాటాక పాతదాన్ని ఒక చెట్టు విడిచి ఒక చెట్టుగా తీసేయాలి. ఇది మూడు నాలుగేళ్ళ పని. నాటిన రోజు ఫొటోలు తీయించుకునేవారికి ఇటువంటి పని రుచించదని నాకు తెలుసు. అయినా చేయవలసిన పద్ధతి ఇదే.

మా వాడి చెలక వాగు దాకా పోతుందన్నాను. అందుకు ఇంకొక మాట చెప్పాలి. 2024 జూలై 18న మా మండలంలో గుమ్మడివల్లి దగ్గరి పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరు మా మండలపు పల్లెలనూ, దిగువన ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో మనతోనే ఉండి ఇప్పుడు ఆంధ్రలో ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల పల్లెలనూ ముంచింది. ప్రాజెక్టు కట్టను చెట్లు కాపాడతాయని నేను చెప్పడం లేదు. అది తూములు, గేట్ల నిర్వహణకు సంబంధించిన విషయం, దానికి జవాబు చెప్పవలసినవారు వేరు. నేను చెప్పేది ఆ తరువాత పొలాల్లో మిగిలిన ఇసుక మేటల గురించి, కోసుకుపోయిన వాగు ఒడ్ల గురించి. సారం కొట్టుకుపోయిన నేలలో పంట మళ్ళీ నిలవాలంటే మొదట నత్రజని రావాలి, ఒడ్డు మళ్ళీ నిలవాలంటే వేరు కావాలి. ఈ రెండు పనులూ తెలిసిన చెట్టు మన వాగుల వెంట పూర్వం నుండి ఉంది. పొలం నాలుగు సాళ్ళు కలిసి వస్తుందని గట్టు అంచు దాకా దున్ని, ఆ చెట్లను మనమే కొట్టుకున్నాం. వాగు వెంట ఇరువైపులా పది గజాల మేర విడిచిపెట్టి కానుగ, తెల్లమద్ది పెట్టుకుంటే, ఆ పది గజాల పంట నష్టాన్ని కానుగ మండ ఎరువు కొంత తీరుస్తుంది. కొట్టినకొద్దీ చిగిర్చే చెట్టు కనుక ఏటా మండ కొట్టుకోవచ్చు. ఖొనోమావారు ఆల్డరును వాడుకునే తీరు ఇంచుమించు ఇదే. ఏటి ఒడ్డు పొలాలకు పరిహారం మాట ఎత్తేటప్పుడు ఈ మొక్కల ఖర్చును కూడా అందులో కలపమని రైతులు అడగాలి. ఉపాధిహామీలో గుంటలు తీయించుకొనే వీలుండగా దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

పెంచే విధానం చెప్పి ముగిస్తాను. కానుగ కాయ ఏడాది ముదిరి మాఘ ఫాల్గుణాలనుండి రాలడం మొదలవుతుంది. ఆరోగ్యంగా గుబురుగా ఉన్న చెట్టు కింద, బరువుగా ఉన్న గోధుమరంగు కాయలు ఏరుకోవాలి. పైపెంకు పగలగొడితే ఒకటే గింజ ఉంటుంది, అరుదుగా రెండు. పాతగింజ సరిగా మొలవదు కనుక ఆ ఏటి గింజనే వాడాలి. నానబెట్టడం వంటి తంతులేమీ లేవు. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమంగా కలిపిన సంచుల్లో, గింజ కన్ను కిందికి వచ్చేట్లు అంగుళం లోపు లోతున పెట్టి, తడి ఆరకుండా చూస్తే పది పదిహేను రోజుల్లో మొలకలు వస్తాయి. నాలుగు నెలలకు మొక్క రెండడుగులు అవుతుంది. రెండడుగుల గుంట తీసి, పై మట్టిలో ఎరువు కలిపి, తొలకరి పడి నేల బాగా తడిసిన తరువాత నాటాలి. చెట్టుకూ చెట్టుకూ ఇరవై అడుగులు. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒక బిందెడు నీళ్ళు. కింది కొమ్మలను ఏడాదికోసారి కోసివేస్తే మాను నిటారుగా పోతుంది. లేకపోతే పొద అయి కూర్చుంటుంది. కంచె మాత్రం తప్పనిసరి. మేక తినకపోయినా కొరికి చూస్తుంది, మనిషి పళ్ళపుల్ల కోసం విరుస్తాడు.

గింజల కోసం నర్సరీకి పోనక్కరలేదు. ఫాల్గుణంలో ఏ వాగు గట్టునైనా ముసలి కానుగ కిందికి ఒక సంచి పట్టుకుపోతే చాలు.